తలుపు లాగిన చేయి

అంజనగిరి కోటను దూరం నుంచి చూసినవాళ్ళు దాన్ని కోట అనుకోరు. నల్లని కొండ నెత్తిన మరో నల్లని కొండ ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. కాటుకరంగు రాళ్ళతో కట్టిన ఏడు ప్రాకారాలు, పడమటివైపు శంఖినీ నది నురగలు కక్కుతూ దూకే లోయ, బురుజు బురుజుకూ రెక్కలు ముడుచుకున్న రాతి గరుడపక్షి. సూర్యుడు వాలే వేళ ఆ పక్షుల కళ్ళలో పొదిగిన కెంపులు నిప్పుకణికల్లా ఎర్రబడేవి. కింద బాటన పోయే ప్రయాణికులు అది చూసి గుండెలు చిక్కబట్టుకుని నడక వేగం పెంచేవారు. ఈ సొగసంతా బయటివాళ్ళ కోసం. లోపలివాళ్ళకు కనిపించేవి మూడే: జావకుండ, తిరగలి, కావలివాళ్ళ మొహాలు.

మైలారుడు ఆ మూడింటినీ నలభై రోజులుగా చూస్తున్నాడు.

అతను రత్నవాటి రాజ్యంలో పడవ నడుపుకునేవాడు. మాంత్రికుడు ధూమ్రజటి శాపం వల్ల ఆ రాజ్యపు రాకుమారి హేమప్రభ పాదాల నుంచి మొదలుపెట్టి రోజుకు కొంత చొప్పున శిలగా మారిపోతోంది. రానున్న పున్నమికి ఆ రాయి ఆమె గుండెను చేరుతుంది. దానికి విరుగుడు తెలిసిన వైద్యుడు పుండరీకుడొక్కడే. ఆయన్ని ధూమ్రజటి పన్నెండేళ్ళ కిందటే పట్టి తెచ్చి అంజనగిరి చెరలో పడేశాడు. దండెత్తి వెళితే ముందు వైద్యుడి తలే తెగుతుంది గనుక, ఒంటరిగా వెళ్ళి ఆయన్ని తెచ్చే వీరుడెవరని రాజు సభలో అడిగాడు. ఏడుగురు రాకుమారులు నేల చూపులు చూశారు. వాళ్ళను రేవు దాటించి, కూలి కోసం గుమ్మం దగ్గర నిలబడ్డ మైలారుడు "నేను పోతాను" అన్నాడు.

లోపలికి రావడం సులువే అయింది. కోటవాకిట్లో నిలబడి, చెరసాల అధికారి గజకర్ణుడి మీసాలు వాకిలి ఊడ్చుకోడానికి బాగుంటాయని గట్టిగా అరిచాడు. పొద్దు వాలకముందే లోపలున్నాడు.

వచ్చిన కొత్తల్లో అతనికి సాహసాలంటే కత్తులూ, గుర్రాలూ, గోడలు దూకడాలూ అని ఉండేది. చెరసాలలో అవేవీ లేవు. తెల్లవారగానే గంట. గంట కాగానే తలుపులు వాటంతట అవే తెరుచుకునేవి. దోసెడు జావ. తర్వాత పొద్దువాలేదాకా తిరగలి. ఏం విసురుతున్నారో ఎవరూ అడగరు, ఎందుకంటే విసిరేది రాళ్ళు. నల్లరాళ్ళు పోసి విసిరితే నల్లపిండి రాలేది. ఆ పిండిని కావలివాళ్ళు గాలికి ఎగరబోసేవారు. ఆ పనికి అర్థమేమిటని మొదటిరోజు అడిగినందుకు మైలారుడి వీపు వాచింది. రెండో వారానికి అతనూ అడగడం మానేశాడు. మానేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా నాలుగు రోజులకు అరిగిపోయింది.

నేర్చుకోవలసినవి వేరే ఉన్నాయి. జావకు వరసలో ముందు నిలబడితే పలచని నీళ్ళు వస్తాయి, చివర నిలబడితే అసలు రాదు, ఏడో చోటు మంచిది. తిరగలి పిడికి గుడ్డపేలిక చుట్టాలి, కానీ కావలివాడికి కనబడకూడదు. కావలివాళ్ళలో ఒకడికి కళ్ళలోకి చూస్తే కోపం, ఇంకొకడికి తలదించుకుంటే కోపం, మూడోవాడికి పొద్దున ఇంటావిడతో గొడవైతే అందరిమీదా కోపం. నవ్వుతూ మాట్లాడేవాడి దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళందరిలోకీ బరువైనవాడూ, బద్ధకస్తుడూ కుంభయ్య. మైలారుడి వరస కాపలా అతనిదే. కొట్టాలన్నా అతనికి ఓపిక ఉండేది కాదు. "నువ్వే కొట్టుకోరా, నేను చూస్తా" అనేవాడు. తన బట్టలు ఖైదీల చేత ఉతికించుకుని, కాళ్ళు పట్టించుకుని, ధాన్యపు కొట్టు నీడలో గురకపెట్టేవాడు.

అన్నిటికంటే విచిత్రం ఆ చెర తలుపులు. అంజనగిరిలో తాళాలు లేవు, గడియలు లేవు. లోపలికీ బయటికీ తిరిగే ఒక్కో రాతి తలుపుకు పైన ఇనుపచువ్వల కిటికీ, లోపలివైపు ఒక ఇనుప కడియం, అంతే. సందెవేళ పన్నెండు గంటలు కొడతారు. పన్నెండో గంటకు ఏ ఖైదీ తలుపు ఆ ఖైదీయే, తన చేత్తో, కడియం పట్టి లాగి మూసుకోవాలి. అలా మూసుకున్న తలుపు అంచున సన్నని నీలిగీత వెలిగి ఆరుతుంది. ఇక తెల్లవారుగంట దాకా దాన్ని ఏనుగులు గుద్దినా కదలదు, గజకర్ణుడి వల్లా కాదు. ఇంకెవరి చేయి మూసినా అది ఉత్త తలుపే. ధూమ్రజటి మంత్రం అలాంటిది. దానికి ఖైదీ చేయి కావాలి.

వచ్చిన సందెవేళ మైలారుడు మూసుకోనన్నాడు. చేతులు కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. అతన్నెవరూ కొట్టలేదు. మర్నాడు ఆ వరసలోని పన్నెండు మందికీ జావ ఆపేశారు. ఆ మర్నాడూ ఆపేశారు. మూడో సందెకు పక్కగదిలోంచి పుల్లలాంటి ముసలాయన ఒకడు గోడ పట్టుకుంటూ వచ్చి, "మూసుకో నాయనా, ఐదోగదివాడు పడిపోయాడు" అన్నాడు. అందులో బతిమాలుకోవడం తప్ప కోపం లేదు. మైలారుడు మూసుకున్నాడు. ఆ ముసలాయనే తను వెతుక్కుంటూ వచ్చిన పుండరీకుడని అతనికి మరో రెండు రోజులకు గాని తెలియలేదు.

తెలిశాక వచ్చిన చిక్కు ఇంకా పెద్దది.

"విరుగుడు చెప్పు తాతా, నేను కంఠతా పట్టుకుపోతాను" అన్నాడు మైలారుడు తిరగలి దగ్గర.

పుండరీకుడు తిరగలి ఆపి తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "నోటికి రావట్లేదురా. ఆ మూలికల పేర్లన్నీ పోయాయి. ఇక్కడ పేర్లు పెట్టి పిలవాల్సినవి ఏమున్నాయి గనక? ఆకు వేళ్ళ మధ్య నలిపితే చెప్పగలను. నా చేతికి గుర్తుంది, నాకే లేదు."

అది గొప్పకు అన్నమాట కాదు. ఒకనాడు కుంభయ్య కాళ్ళు పడుతున్నప్పుడు ఆయన మైలారుడి బొటనవేలు పట్టుకుని పిక్క కింద ఒకచోట పెట్టి, ఇలా నొక్కు అన్నట్టు సైగ చేశాడు. నొక్కిన నాలుగు నిమిషాలకు కుంభయ్య నోరు తెరుచుకుని, మధ్యాహ్నం నుంచి సందెదాకా దుంగలా పడి నిద్రపోయాడు. ఆ చోటు పేరేమిటని అడిగితే ముసలాయనకు తెలియలేదు. కాబట్టి వైద్యం ఒక్కటే రత్నవాటికి పోతే లాభం లేదు, వైద్యుడు పోవాలి.

ఇప్పుడు పున్నమికి మూడు రోజులుంది.

ఆనాటి మధ్యాహ్నం కుంభయ్య బట్టలు విప్పి మైలారుడి మీదికి విసిరాడు. "మరకొక్కటి మిగిలినా తోలు ఒలుస్తా. ఆరగానే లేపు" అని గోచీతో కొట్టు నీడన నడుం వాల్చాడు. మైలారుడు ఉతికాడు, ఆరేశాడు, వచ్చి కాళ్ళు పట్టాడు, పిక్క కింద బొటనవేలు నొక్కాడు. గురక మొదలైంది.

పథకం చిన్నది. ఎండిన ఆ ఎర్ర అంగీ, తలపాగా తను వేసుకుంటాడు. దుమ్ము పడకుండా కావలివాళ్ళు తలపాగా కొంగు మొహానికి చుట్టుకోవడం మామూలే. సందెవేళ వరసకు తనే కావలివాడు. ఖాళీగా ఉన్న తన తొమ్మిదోగది తలుపును బయటి నుంచి చప్పుడయ్యేలా మూస్తాడు. పదోగది పుండరీకుడిది. దాన్నీ తనే మూస్తాడు. వరస చివర నిలబడే గజకర్ణుడు చెవులతోనే లెక్కపెడతాడు. పన్నెండు చప్పుళ్ళు వినబడితే వెళ్ళిపోతాడు. ఆపైన పుండరీకుడి తలుపు తీసి, అధికారిగారి కాలివాపుకు వైద్యుణ్ణి తీసుకుపోతున్నానని చెప్పుకుంటూ ద్వారాలు దాటాలి. నెలకు రెండుసార్లు జరిగే తంతే, పైగా ఏ తలుపు ఎప్పుడు పడిందో ద్వారాల దగ్గరివాళ్ళకు తెలియదు గనుక ఎవరూ అడ్డుపడరు.

"నువ్వు చేయాల్సింది ఏమీ లేదు తాతా," అని మైలారుడు పదిసార్లు చెప్పాడు. "చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే నిలబడు. తలుపు ముట్టుకోకు. నేను మూస్తాను."

"ముట్టుకోనురా. అంతమాత్రం తెలీదా?" అన్నాడు పుండరీకుడు. ఆ పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన మొహంలో నవ్వులాంటిది కనబడింది.

సందె గంట మొదలైంది.

"తలుపులు!" అని కొంగుచాటు నుంచి అరిచాడు మైలారుడు, కుంభయ్య గొంతు తెచ్చుకుని. ఖైదీలు తిరగళ్ళ దగ్గర నుంచి లేచి, ఎవరి గదిలోకి వాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ పోయారు. వాళ్ళలో ఒక్కడూ అతని వంక చూడలేదు. కావలివాడి మొహం చూసి బాగుపడ్డవాడు అక్కడ లేడు. వరస చివర చేతికర్ర మీద ఆనుకుని, వాచిన కాలు పైకెత్తి, గజకర్ణుడు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పడమటి ఎండ బురుజు సందుల్లోంచి వాకిట్లో కుంకుమ పోసినట్టు పడుతోంది. తొమ్మిది, పది, పదకొండు. మైలారుడు తన గది తలుపు మీద చేయి వేశాడు.

పన్నెండు.

ధన్, ధన్, ధన్ మని వరసగా తలుపులు పడ్డాయి. మైలారుడు తన గది తలుపును తోసి చప్పుడు చేశాడు. ఒక్క అడుగులో పదోగది ముందుకు వచ్చి చేయి చాచాడు. లోపల పుండరీకుడు చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. కళ్ళు మైలారుడి మీదే ఉన్నాయి. ఆ చూపు అలాగే ఉండగా, ఆయన కుడిచేయి వెనక నుంచి విడివడి, ముందుకు వచ్చి, కడియం పట్టుకుని లాగింది.

ధన్.

తలుపు అంచున నీలిగీత వెలిగి ఆరిపోయింది.

వరస చివర గజకర్ణుడు తృప్తిగా తల ఆడించాడు. చువ్వల వెనక పుండరీకుడు తన కుడిచేతిని మొహం ముందు పెట్టుకుని, అదెవరిదో తెలియనట్టు చూసుకుంటున్నాడు.

"నేను లాగలేదురా," అన్నాడు. "నిజంగా నేను కాదు నాయనా. గంట మోగింది... అదే..."

"సరేలే తాతా."

"పన్నెండేళ్ళు రోజూ..."

"సరేలే అన్నానుగా." మైలారుడికి కోపం రావాల్సింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో ఓపిక కావాలి. అతనికి ఏడుపొచ్చింది, అదీ కొంచెమే.

ఇంతలో కర్ర చప్పుడు దగ్గరైంది. గజకర్ణుడు వెళ్ళిపోకుండా వరస వెంట కుంటుకుంటూ వస్తున్నాడు. తొమ్మిదోగది దగ్గరికి వచ్చేసరికి కాలు నొప్పి పెట్టి, ఒంటి బరువంతా తలుపు మీద వేసి ఆనుకున్నాడు. మంత్రం పడని తలుపు. తలుపుతోపాటు ఆ మహాకాయం కూడా లోపలికి దొర్లింది.

"ఖాళీ! తొమ్మిదోవాడు లేడు!" అని పొలికేక వేస్తూ గజకర్ణుడు పైకి లేచాడు. మైలారుడి మెడ పట్టుకుని ఊపాడు. "ఎక్కడరా వాడు? నువ్వేం కాస్తున్నావిక్కడ?"

మైలారుడు నోరు తెరవకముందే చువ్వల వెనక నుంచి పుండరీకుడు అరిచాడు. "పడమటి గోడ ఎక్కాడు దొరా! గంటకు ముందే నేను చూశాను, ఏటివైపు దూకాడు!"

"గంటకు ముందే చూసి ఇప్పుడా చెప్పేది?" గజకర్ణుడి మీసాలు అదిరాయి. "మన కట్టడి తెలుసుగా ముసలోడా! తెల్లవారుగంటకు ఖైదీ తక్కువైతే పక్కగదివాణ్ణి లోయలోకి తోస్తాం. నీ పక్కగదివాడే వాడు. ఒరేయ్ భటుడా, నువ్వు ఇక్కడి నుంచి కదిలితే నీ తల ఎగిరిపోతుంది. ఈ ముసలోణ్ణి కాపలా కాయి!"

కొమ్ములు మోగాయి, ద్వారాలు బార్లా తెరుచుకున్నాయి. కాగడాలు వెలిగించుకుని అరవైమంది భటులు ఏటిగట్టుకు పరిగెత్తారు. వాళ్ళ వెనక కర్ర టకటకలాడించుకుంటూ గజకర్ణుడు. రెప్పపాటులో వాకిలి నిర్మానుష్యమైంది. ఏడు ద్వారాల్లోనూ ఒక్క కావలివాడు లేడు. దూరంగా రత్నవాటి బాట, సందెపొడిలో తెల్లగా, ఎంతో దగ్గరగా కనిపిస్తోంది.

"పో," అన్నాడు పుండరీకుడు. "ఇంకేం చూస్తావు? ఇలాంటి దారి మళ్ళీ దొరకదు."

"తెల్లారితే నిన్ను లోయలో తోస్తారు."

"తోయనీ. ఎప్పటికైనా నేను చూడాల్సిన లోయేగా, రోజూ ఆ హోరు వింటూనే ఉన్నాను."

"నువ్వు పోతే ఆవిడ రాయైపోతుంది తాతా. నేను ఒట్టిచేతులతో పోయి రాజుగారికి ఏం చెప్పను? వైద్యుడు బాగున్నాడు, చేయి మాత్రం మాట వినలేదని చెప్పనా?"

పుండరీకుడు ఆ చీకటిగదిలో నేలమీద కూలబడి, వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఏదో గుర్తు తెచ్చుకోబోయాడు. "ఆకు... దళసరిగా... అంచున నూగు... కాదు, నూగు లేదు..." అని కాసేపు గొణిగి, తల అడ్డంగా ఊపాడు.

మైలారుడు ఒక్కసారి బాట వంక చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు. తర్వాత పరుగున ధాన్యపు కొట్టు దగ్గరికి పోయి, ఎర్ర అంగీ, తలపాగా విప్పి తీగె మీదికి విసిరేశాడు. కుంభయ్య ఇంకా గురకలోనే ఉన్నాడు. ఆ పిక్కమీద మరోచోట గట్టిగా గిల్లి, లేచీలేవకముందే తన మాసిన గోచీతో వరసకు తిరిగి పరిగెత్తాడు. ఏటిగట్టు నుంచి కాగడాలు అప్పటికే వెనక్కి తిరుగుతున్నాయి.

తొమ్మిదోగది తలుపు తెరిచే ఉంది. మైలారుడు లోపలికి వెళ్ళి ఇనుప కడియం పట్టుకున్నాడు. నలభై రోజుల్లో ఆ కడియం అంత చల్లగా ఎప్పుడూ తగల్లేదు. గంట లేదు, కర్ర లేదు, చూసేవాడు లేడు. తన చేత్తో తనే లాగాడు.

నీలిగీత వెలిగి ఆరింది.

గజకర్ణుడు రొప్పుకుంటూ వచ్చి కాగడా చువ్వల దగ్గర పెట్టాడు. లోపల మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్న మైలారుణ్ణి చూసి కళ్ళు నులుముకున్నాడు.

"నువ్వు... ఎక్కడ దాక్కున్నావురా?"

"ఎక్కడా దాక్కోలేదు దొరా. జ్వరమొచ్చి తలుపు వెనక మూలన పడున్నాను. వేశాననుకున్నా, సరిగ్గా పడినట్టులేదు. తమరు మీదపడి అరిచేసరికి భయమేసి నోరు పెగల్లేదు. తమరు వెళ్ళాక మూసుకున్నా."

గజకర్ణుడు తలుపును భుజంతో గుద్దాడు. కదలలేదు. వరసంతా లెక్కపెట్టించాడు. పన్నెండు. వెనక అరవైమంది భటులు తడిసిన కాళ్ళతో నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడుతున్నారు. గదిలో ఉన్న ఖైదీ కోసం నదంతా గాలించిన అధికారిగా పేరు రావడం గజకర్ణుడికి ఇష్టం లేదు. ధూమ్రజటి చెవిన పడితే మరీ ఇష్టం లేదు. గోడ ఎక్కాడని చెప్పిన ముసలోణ్ణి నిలదీస్తే ఆ సంగతి ఇంకా పొక్కుతుంది. అలాగని ఊరుకోవడమూ చేతకాలేదు. ఆయన చటుక్కున వెనక్కి తిరిగాడు.

"నేనిక్కడ ఒక భటుణ్ణి కాపలా పెట్టి పోయాను. వాడేడీ?"

భటులు అటూ ఇటూ చూశారు. చువ్వల వెనక మైలారుడికి అప్పుడు తట్టింది. తను ఒక్కడే ఇద్దరు మనుషులుగా తిరిగాడు. ఇప్పుడు వాళ్ళలో ఒకడు తక్కువయ్యాడు.

అప్పుడు గుంపును తోసుకుంటూ, అంగీ ముడులు తప్పుగా వేసుకుని, తలపాగా సగం జారిపోతూ కుంభయ్య వచ్చాడు. అధికారిని చూశాడు, తొమ్మిదోగదిని చూశాడు, నలిగిన తన అంగీని చూసుకున్నాడు. పని వేళ గోచీతో నిద్రపోయానని చెబితే నూరు కొరడాదెబ్బలు. చెప్పకపోతే ఏమవుతుందో అతనికి తెలియదు.

"నేనే దొరా," అన్నాడు.

"కదలొద్దన్నాను కదరా?"

"కడుపునొప్పొచ్చి కొట్టు వెనక్కి పోయాను దొరా."

గజకర్ణుడు అనుమానంగా దగ్గరికి వచ్చాడు. "ఇందాక ఇంకాస్త సన్నగా ఉన్నట్టున్నావే?"

"తమర్ని చూస్తే భయం దొరా. తమరి ముందు అట్లా కుదించుకుపోతాను."

గజకర్ణుడి మీసాలు కాస్త తృప్తిగా సర్దుకున్నాయి. రేపు ఈ వరసకు జావ లేదని ప్రకటించి, కర్ర ఆనించుకుంటూ వెళ్ళిపోయాడు. భటులూ వెళ్ళిపోయారు. కుంభయ్య ఒక్కడే మిగిలాడు. తొమ్మిదోగది గోడకు వీపు ఆనించి మెల్లగా నేలమీదికి జారి కూర్చున్నాడు.

"నా అంగీకి నీ చెమట కంపు కొడుతోందిరా," అన్నాడు రొప్పుతూ.

మైలారుడు చువ్వల దగ్గరికి వచ్చాడు.

"ద్వారాలన్నీ బార్లా తెరిచున్నాయి. మీరంతా అరిచిన అరుపులకు సగం మెలకువొచ్చి అంతా విన్నాను, లేవడానికి ఒళ్ళు రాలేదు. నువ్వు పోవచ్చు. మళ్ళీ వచ్చి తలుపు మూసుకున్నావు. ఎందుకు?"

"పక్కాయన్ని లోయలో తోస్తారుగా."

"పద్దెనిమిదేళ్ళయింది నేనీ కొలువులో చేరి," అన్నాడు కుంభయ్య. అతని మాటల్లో ఎప్పుడూ ఉండే వెటకారం ఈసారి లేదు. "ఎంతోమంది పారిపోవాలని చూశారు. పట్టుకొచ్చాం, తోశాం. తిరిగొచ్చి తలుపేసుకున్నవాణ్ణి చూళ్ళేదు. మా ఊరు చూసి కూడా పద్దెనిమిదేళ్ళే. సెలవడిగితే గజకర్ణుడు నవ్వుతాడు. మా అమ్మ ఉందో లేదో." అతను ముక్కు చీది, అంగీ అంచుకే తుడుచుకున్నాడు. "పున్నమి ఎప్పుడన్నావు?"

"నేనేం అనలేదే."

"ముసలాయనతో నువ్వు తిరగలి దగ్గర గొణిగేవన్నీ నాకు వినబడవనుకున్నావా? గురకపెట్టేవాడికి చెవుడుండదురా. ఎప్పుడు?"

"ఎల్లుండి దాటితే ఆ మర్నాడు."

పదోగదిలో పుండరీకుడు మెలకువగానే ఉన్నాడు. చువ్వల దగ్గరికి వచ్చి, రెండు చేతులూ కిటికీలోంచి బయటికి చాచి, "వీటిని నరికేయించు కుంభయ్యా, లేకపోతే కట్టేయించు. ఇవి మళ్ళీ లాగుతాయి. నాకు వీటిమీద నమ్మకం లేదు" అన్నాడు.

కుంభయ్య ఆ ఎండిపోయిన చేతుల వంక చూశాడు. పన్నెండేళ్ళుగా ప్రతి సందెవేళా ఆ చేతులు తలుపు లాగుతుంటే చూస్తూ నిలబడింది తనే. బరువుగా లేచి నిలబడి, తలపాగా సరిగ్గా చుట్టుకుని, తొమ్మిదోగది చువ్వల దగ్గరికి వంగాడు.

"ఒరేయ్, నా బావమరిది పాత అంగీ ఒకటి నా పెట్టెలో ఉంది, నీకు సరిపోతుంది. రేపు సందెకు ఈ ముసలాయన చేతులు నేను పట్టుకుంటా," అన్నాడు. "తలుపు నువ్వు వెయ్యి."